నీలం రేకు కింద చేపలు

వెదుళ్ళరేవు,
ఫిబ్రవరి 11

తమ్ముడు యుగంధర్‌కి,

అక్క వీరదుర్గ దీవెనలు. మేం క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, ఇక్కడ క్షేమం ఏమీ లేదు కాబట్టి సరాసరి విషయానికి వస్తున్నాను.

ఫోన్ చేస్తే "సైటులో ఉన్నానక్కా, సాయంత్రం చేస్తా" అంటావు. ఆ సాయంత్రం ఇంతవరకూ రాలేదు. ఆఫీసు పని కాగితం మీద ఉంటేనే కదులుతుందని నాకు చెప్పినవాడివి నువ్వే. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. రేపు "నేనలా అనలేదే" అనడానికి ఉండదు.

మీ దొరబాబు గారి కంపెనీ మాకు కట్టిన చేపల మార్కెట్ తెరిచి ఇవాళ్టికి పన్నెండు రోజులు. సిమెంటు దిమ్మలు బాగున్నాయి. కుళాయి బాగుంది. నీళ్ళు పోయే కాలవ వాలు బాగుంది. మా తమ్ముడే ఇంజనీరుగా దగ్గరుండి కట్టించాడని పద్నాలుగు మంది ఆడాళ్ళం నీకు దిష్టి కూడా తీశాం. కానీ నెత్తి మీద ఆ నీలం ఫైబర్ రేకులు ఏంటిరా? ఎవరి బుర్రలో పుట్టింది ఆ రంగు?

పొద్దున్న ఏడున్నర దాకా ఏ గొడవా లేదు. ఎండ రేకు మీద పడిన దగ్గర్నించి మార్కెట్ మొత్తాన్ని నీలిమందు నీళ్ళలో ముంచినట్టు అవుతుంది. పండుగప్ప చేప మొప్ప ఎత్తి చూపిస్తే ఎర్రగా ఉండాలా వద్దా? నల్లగా కనబడుతోంది. పడవ దిగి గంట కాలేదు, తోక ఇంకా కొట్టుకుంటోంది, మొప్ప చూస్తే మూడు రోజుల కిందట చచ్చినదానిలా ఉంది. రొయ్యలు బూడిదలో దొర్లినట్టున్నాయి. కొనేవాళ్ళు వాళ్ళ కళ్ళని నమ్ముతారా, నా నోటిని నమ్ముతారా?

చేపల సంగతి అలా ఉంచు, మనుషులు కూడా మారిపోయారు. బయట టీ కొట్టు పాపాయి తన కొట్టు పైన ఎర్రమట్టి రంగు బరకం పట్టా కట్టుకుంది. దాని కింద నిలబడి పకపకా నవ్వుతూ టీ తాగినవాళ్ళే మా రేకు కిందకి రాగానే మొహం ముడుచుకుంటారు. అందరూ జ్వరం నుంచి లేచొచ్చినవాళ్ళలా కనబడతారు. ఎదుటి మనిషి అలా కనబడితే మనకి మాత్రం నవ్వెక్కడ్నించి వస్తుంది? ఇదివరకు కాలవగట్టు మీద ఎండలో కూర్చున్నప్పుడు బేరం అంటే సరదా. ఇక్కడ బేరం అంటే తగాదా అయిపోయింది.

ఆ రేకులు మార్చే దారి చూడు.

అక్క
వీరదుర్గ

*

రాజమండ్రి,
ఫిబ్రవరి 19

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసుకి వచ్చింది. అటెండరు అందరి ముందూ "సార్, మీకు ఉత్తరమండీ! చేత్తో రాసింది!" అని వింత వస్తువు తెచ్చినట్టు తెచ్చాడు. దయచేసి ఇకనుంచి ఇంటి అడ్రసుకి రాయి.

రేకుల సంగతి. అక్కా, అది చాలా ఆలోచించి వేసిన రంగు. నీలం చల్లని రంగు. కళ్ళకి హాయి, మనసుకి ప్రశాంతం. ఆసుపత్రుల్లో గోడలకి అందుకే వేస్తారు. పైగా డిజైన్లు పైనుంచి వస్తాయి, నాలాంటి సైటు ఇంజనీరు చేతిలో ఏమీ ఉండదు. కొత్త చోటు ఏదైనా మొదట్లో ఇలాగే ఉంటుంది. రెండు నెలల్లో అందరూ అలవాటుపడతారు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. మొప్పలు ఎర్రగానే ఉన్నాయి కదా! నాకు కనబడుతున్న ఎరుపు కొనేవాళ్ళకి ఎందుకు కనబడదు?

"మొహాలు ముడుచుకుంటున్నారు", "నవ్వు రావడం లేదు" అంటే ఏ ఆఫీసూ వినదు. ఏ టైముకి ఏం జరిగిందో రాసి పంపు. అప్పుడు చూద్దాం.

ఇంతకీ నీకు చల్లగా ఉందా లేదా? రెండు పేజీలు తిట్టావు గానీ ఆ ఒక్క మాట రాయలేదు.

తమ్ముడు
యుగంధర్

*

వెదుళ్ళరేవు,
మార్చి 4

యుగంధర్‌కి,

చల్లగా ఉంది. చల్లగా ఉన్న చోట చేపలు అమ్ముడుపోక కూర్చుని ఉన్నాను. సరిపోయిందా?

ఫొటోల సంగతి నేనూ కనిపెట్టాను. నా కంటికి నల్లగా ఉన్న మొప్ప ఫోనులో ఎర్రగా వస్తోంది. ఆ ఫోను తనకి తోచినట్టు రంగులు సర్దేస్తుందట. మరి కొనడానికి వచ్చేది మనుషులు గానీ ఫోన్లు కాదు కదా.

టైములు కావాలన్నావుగా, నిన్నటి ఆదివారం సంగతి రాస్తున్నాను. ఆరుంపావుకి గంప దించాను. ఇంకా ఎండ లేదు, చేప చేపలాగే ఉంది. ఏడు లోపల మూడు పండుగప్పలు, రెండు కేజీల రొయ్యలు పోయాయి, బేరం కూడా పెద్దగా ఆడలేదు. ఏడూ నలభైకి నీలం దిగింది. ఏడూ యాభైకి మొదటి తగాదా. ఎవరో ఆయన అప్పాయమ్మని "నిన్నటి సరుకు ఇవాళ అమ్ముతున్నావా" అన్నాడు. అప్పాయమ్మ నోరు నీకు తెలుసుగా, ఆయన తాతల దాకా వెళ్ళొచ్చింది. ఎనిమిదింటికి ఒకావిడ చంకలో పిల్ల ఉన్నట్టుండి గుక్కపట్టింది. వాళ్ళమ్మ బయటికి తీసుకెళ్తే ఊరుకుంది, లోపలికి తెస్తే మళ్ళీ ఏడుపు. మేమేమో అది చూసి దిష్టి అనీ కడుపునొప్పి అనీ తలో మాటా అన్నాం.

ఎనిమిదిన్నరకి నాగేశ్వరి టీచరు గారు వచ్చారు. హైస్కూల్లో సైన్సు చెబుతారు, పదకొండేళ్ళుగా ఆదివారం నా దగ్గర తప్ప ఇంకెక్కడా కొనరు. నేను మొప్ప ఎత్తాను. ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు. "దుర్గా, నువ్వు కూడానా?" అన్నారు. అంతే. సంచీ మడుచుకుని వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. చేప చేత్తో పట్టుకుని వెనకాల పరిగెత్తాను. రోడ్డు మీద, ఎండలో, బస్సుకోసం నిలబడ్డ జనం అందరూ చూస్తుండగా, "ఇప్పుడు చూడండి టీచరు గారూ" అని మొప్ప ఎత్తాను. మందారప్పువ్వులా ఉంది. ఆవిడ సిగ్గుపడిపోయారు. "నీలం రేకు ఎరుపుని కిందకి దిగనివ్వదమ్మా, పిల్లలకి చెప్పే పాఠమే, నాకే తట్టలేదు" అన్నారు. చేప తీసుకున్నారు. బాగానే ఉంది, కానీ రోజూ ఎంతమంది వెనకాల పరిగెత్తను?

ఇంకో ముచ్చట విను. రేకులు బిగించేటప్పుడు ఒకదాని మూల విరిగింది. ఆ సందులోంచి చాటంత తెల్లటి ఎండ పడుతుంది. ఎనిమిదిన్నరకి అప్పాయమ్మ దిమ్మ మీద, తొమ్మిదింపావుకి నా దిమ్మ మీద, పదింటికి గోడ మీద. ఆ ముక్కలో పెట్టిన చేప అమ్ముడవుతుంది, పక్కన పెట్టింది అవ్వదు. పద్నాలుగు మందీ గంపలు పట్టుకుని ఆ ఎండ వెనకాల తిరుగుతున్నాం. దానికి వంతులు వేసుకున్నాం. వంతుల దగ్గర కొట్టుకున్నాం. ఇరవై ఏళ్ళుగా ఒకే కంచంలో అన్నం తిన్న అప్పాయమ్మ నాతో మాట్లాడి ఇవాళ్టికి నాలుగు రోజులు.

అన్నిటికంటే కడుపు మండేది ఇంకోటుంది. లారీల మీద నాలుగు రోజుల నాటి ఐసు చేప తెచ్చే ఒకాయన మా చివరి దిమ్మ పక్కన చేరాడు. నీలంలో ఆయన చేపా నా చేపా ఒకటే. ఆయనది చవక. ఇక నన్నెవరు అడుగుతారు?

టైములు అడిగావు, రాశాను. ఇప్పుడు నువ్వు కదులు.

అక్క
వీరదుర్గ

*

రాజమండ్రి,
మార్చి 13

అక్కకి,

నీ ఉత్తరం చదివాను. చేప పట్టుకుని రోడ్డు మీద పరిగెత్తడం ఏంటక్కా? ఊళ్ళోంచి నాకు ఫోన్లు వస్తున్నాయి.

బల్బులు పెట్టించుకోండి. తెల్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్కో దిమ్మ మీద ఒక్కోటి వేలాడదీస్తే సరిపోతుంది. ఇంతకంటే నేను చేయగలిగింది లేదు. ఆ రేకులు పదేళ్ళు ఉంటాయి, తీసి మార్చడానికి అవి పందిరి తాటాకులు కాదు.

మీరు కొందరు మార్కెట్ వదిలేసి మళ్ళీ కాలవగట్టు మీద కూర్చుంటున్నారని విన్నాను. ఆ పని మాత్రం చేయకండి. ఏప్రిల్ పదిన పంచాయతీ మీటింగు ఉంది. లోపల కూర్చోనివాళ్ళ దిమ్మలు రద్దు చేసి వేరేవాళ్ళకి ఇస్తారట. ఆ లారీ చేపల ఆయన ఇప్పటికే అర్జీ పెట్టుకున్నాడు. పద్నాలుగు దిమ్మలు పోయాక రంగు గురించి మాట్లాడుకుని ఏం లాభం?

ఇంకో మాట. పంచాయతీలో మార్కెట్ ఫైలు అడగాలని మీకెవరికైనా తోచవచ్చు. దానివల్ల ఏమీ రాదు. గుమాస్తా వీరభద్రం గారు పెద్దాయన, ఆయన్ని ఊరికే తిప్పలు పెట్టకండి. నా మాట విని అలవాటుపడండి. ప్రతి చిన్నదానికీ నాకు ఉత్తరాలు రాస్తే నేను ఇక్కడ ఉద్యోగం చేసుకోవద్దా?

యుగంధర్

*

వెదుళ్ళరేవు,
మార్చి 21

యుగంధర్,

దీవెనలు ఈసారికి లేవు.

బల్బులు పెట్టాం. పట్టపగలు ఎండ ముందు బల్బు ఏపాటి? దాని కింద చేప కాదు, బల్బే కనబడుతుంది.

ఫైలు వద్దన్నావు కదా, అందుకే వెళ్ళి అడిగాను. వద్దని నువ్వు రాయకపోతే నాకు ఆ ఆలోచన కూడా వచ్చేది కాదేమో. వీరభద్రం గారు కళ్ళజోడు తుడుచుకుని, కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూపించారు. పైనుంచి వచ్చిన డిజైన్‌లో పాలతెలుపు రేకులు అని ఉంది. దాని వెనకే ఇంకో కాగితం. "తెల్ల రేకులు దొరకనందున, ధరలో తేడా లేనందున, నీలం రేకులు వాడుటకు మార్పు చేయడమైనది." కింద సంతకం నీది. ఒకటో తరగతిలో పలక మీద నేను దిద్దించిన పేరు నాకు తెలియదా?

అక్కడితో ఆగలేదు. అదే నెలలో మీ కంపెనీ పక్కూళ్ళో కూరగాయల మార్కెట్ కట్టింది. బస్సెక్కి వెళ్ళి చూసొచ్చాను. తెల్ల రేకులు. టమాటా టమాటాలా ఉంది, మనిషి మనిషిలా ఉన్నాడు. అక్కడ ఒకావిడ బేరం ఆడుతూ నవ్వుతుంటే గుమ్మం దగ్గర నిలబడి నాకు ఏడుపొచ్చింది. వాళ్ళకి దొరికిన తెల్ల రేకు మాకెందుకు దొరకలేదు?

వీరభద్రం గారు ఒక మాట చెప్పారు. తెల్ల రేకు నిజంగా దొరక్కపోతే పంచాయతీ ఎవర్నీ ఏమీ అడగడానికి లేదు. దొరికీ మార్చారని తేలితే మీ దొరబాబు గారు సొంత ఖర్చుతో మార్చి తీరాలి, అప్పటిదాకా దిమ్మలూ ముట్టుకోరు. అది తేల్చగలిగేది సంతకం పెట్టినవాడు ఒక్కడేనట.

అప్పాయమ్మకి గానీ ఇంకెవరికి గానీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను, మా తమ్ముడి సంతకం అని? ఎవరి దగ్గరైనా చెయ్యి చాచావా? నిజం రాయి. అబద్ధం రాస్తే నాకు తెలిసిపోతుంది, అనవసరంగా కాగితం దండగ.

వీరదుర్గ

*

రాజమండ్రి,
మార్చి 29

అక్కకి,

చెయ్యి చాచలేదు. ఎవరి దగ్గరా రూపాయి తినలేదు. ఇంతవరకూ నీకు రాసినవాటిలో అబద్ధాలు ఉన్నాయి, ఇది మాత్రం నిజం.

రేకులు ఎంచడానికి అక్టోబరులో ఇక్కడి గోడౌనుకి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. మచ్చుకి ఒక్కో రంగూ పందిరిలా వేసి ఉంచారు. తెల్లదాని కింద నిలబడితే కళ్ళు చికిలించాల్సి వచ్చింది. నీలందాని కిందకి వెళ్ళాను. ఒళ్ళంతా చల్లబడినట్టయింది. పక్కన ఎవరో అరుస్తున్నా దూరంగా వినబడింది. పది నిమిషాలు అలాగే నిలబడిపోయాను.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నేను పాలిటెక్నిక్‌కి బస్సెక్కేటప్పుడు కాలవగట్టు మీద తడిగుడ్డ నెత్తిన వేసుకుని కూర్చునేదానివి. మెడ వెనక చర్మం ఒలిచిపోయి ఉండేది. మా అక్క ఇలాంటి నీడలో కూర్చోవాలి అనుకున్నాను. తెల్లవి వరసగా పేర్చి ఉన్నాయి అక్కా. దొరకలేదని రాశాను. మార్చడానికి ఏదో ఒక కారణం రాయాలి కదా. దొరబాబు గారు చదవకుండానే ఫైలు పంపేశారు.

చేపల గురించి తట్టలేదు. చేపలమ్మే ఇంట్లో పుట్టి మొప్ప సంగతి మర్చిపోయాను. నమ్ముతావా? మా ఇంటికి చేప ఫోన్లో చెబితే వస్తుంది, కోసి కడిగి ప్యాకెట్లో పెట్టి. నేను మొప్ప ఎత్తి చూసి పదేళ్ళు దాటింది. నా చేతులు చేప వాసనొస్తున్నాయని కాలేజీలో ఎవరో అన్నప్పటినుంచి ముట్టుకోలేదు. నీ మొదటి ఉత్తరం చదవగానే తప్పు ఎక్కడ జరిగిందో అర్థమైంది. అర్థమయ్యే నీ మీద విసుక్కున్నాను. డిజైన్ పైనుంచి వచ్చిందని బొంకాను. భయమేసింది.

దీంతో పాటు వేరే కాగితం పెట్టాను. పంచాయతీకి రాసింది. తెల్ల రేకులు దొరుకుతున్నా నేనే తప్పు కారణం రాసి మార్చానని, కంపెనీకి తెలియదని. కింద సంతకం పెట్టాను. అది చేరితే ఇక్కడ నా పని అయిపోతుంది. ఇంకెక్కడైనా దొరకడం కూడా కష్టమే. పిల్లదాన్ని జూన్‌లో స్కూల్లో వెయ్యాలి.

నాకు నేనుగా పోస్టు చేసే ధైర్యం చాల్లేదు. నీ చేతిలో పెడుతున్నాను. ఇవ్వాలో చింపాలో నువ్వే చూసుకో.

యుగంధర్

*

వెదుళ్ళరేవు,
ఏప్రిల్ 11

తమ్ముడు యుగంధర్‌కి,

ధైర్యం చాలక నాకు పంపావా? భలేవాడివిరా. నీ చేత్తో వేసిన ముడి నా చేత్తో విప్పమంటావు. చిన్నప్పుడు మాస్టారికి నీ తప్పులు నేనే చెప్పాలి, ఇప్పుడు పంచాయతీకీ నేనే చెప్పాలి. ఆ కాగితం వారం రోజులు బియ్యం డబ్బాలో ఉంది. రోజూ బియ్యానికి చెయ్యి పెడితే తగిలేది. నీమీద ఎంత విసుగొచ్చిందంటే, ఒకరోజు వంటే మానేశాను.

మొన్న పొద్దున్న అప్పాయమ్మకి చూపించాను. మాట్లాడుకోవడం మానేశాం కదా, అందుకని ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. అది చదువుకోలేదు, మళ్ళీ నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. విని, చేతిలో ఉన్న చేప పొలుసు తీయడం పూర్తిచేసింది. తర్వాత, "ఇయ్యకే దుర్గా. ఆడికీ పిల్లదుంది. మనం గట్టు మీద బతకలేదేంటి ఇన్నాళ్ళూ" అంది.

అది అలా అనకుండా ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే నేనూ తిట్టి, కాగితం చింపేసేదాన్నేమో. దానికి దిమ్మ పోతే ఇంకో ఆధారం లేదు. మోకాళ్ళు అరిగిపోయి గట్టు దిగలేదు, ఎక్కలేదు. అలాంటిది నీ పిల్ల గురించి ఆలోచించింది.

నిన్న మీటింగులో ఇచ్చేశాను. వీరభద్రం గారు చదువుతానన్నారు, వద్దని నేనే చదివాను. నీ పేరు రెండుసార్లు తప్పు చదివితే ప్రెసిడెంటు గారు మంచినీళ్ళు ఇప్పించారు. దిమ్మలు రద్దు చెయ్యడం ఆపేశారు. పదిహేను రోజుల్లో కంపెనీ తెల్ల రేకులు వెయ్యాలని రాశారు. మీ దొరబాబు గారి మనిషి అక్కడే ఉన్నాడు. వెంటనే ఫోన్ చేశాడు. ఆయన నిన్ను ఏమని తిట్టారో ఆ ఫోన్లోంచి మా వరకూ వినబడింది. పద్నాలుగు మందిలో ఒక్కరూ సంతోషపడలేదు.

నువ్వు నాకు విడిగా రాసిన ఉత్తరం ఎవరికీ చూపించలేదు. నా మెడ సంగతీ, నీడ సంగతీ వాళ్ళకెందుకు? అది నాది.

కోపంతో ఇచ్చాననుకోకు. కోపంతో అయితే వచ్చిన రోజే ఇచ్చేదాన్ని. నిన్ను దాచి రేపు వాళ్ళ పక్కన కూర్చోలేను, అందుకు ఇచ్చాను. నీ కూతురి స్కూలు నా నోటితో పోగొట్టాను. ఇక నీ మొహం ఎలా చూడాలో నాకు తెలియడం లేదురా.

అక్క
వీరదుర్గ

*

రాజమండ్రి,
ఏప్రిల్ 19

అక్కకి నమస్కారాలు.

ఉద్యోగం పోయింది. నీ ఉత్తరం కంటే ముందే దొరబాబు గారి ఫోను వచ్చింది. నాలుగు రోజులు గోడ చూస్తూ కూర్చున్నాను. నీ మీద కోపంగానే ఉన్నాను, లేదని రాయడం దేనికి. చింపేస్తావని లోలోపల నమ్మాను. నీ చేతిలో పెట్టింది అందుకే. ఆ మాట నాకు నేను ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

అయిదో రోజు పొద్దున్నే ఇక్కడి చేపల బజారుకి వెళ్ళాను. ఎండలో ఒకావిడ దగ్గర పండుగప్ప మొప్ప ఎత్తి చూశాను. ఎంతసేపు చూశానో ఏమో, "చూసింది చాలండి, కొంటారా?" అని కసిరింది. కొన్నాను. కొయ్యడం రాక వేలు కోసుకున్నాను. మా ఆవిడ నన్నూ చేపనీ కలిపి తిట్టింది.

రేకులు సోమవారం మారుస్తారని తెలిసింది. బిగించడానికి వచ్చేవాళ్ళు కొత్తవాళ్ళు. ఆ కప్పు వాలు వాళ్ళకి తెలియదు. రేకు మిట్ట మీద వెయ్యాల్సిన స్క్రూ పల్లంలో వేస్తారు, జూన్ వచ్చేసరికి అప్పాయమ్మ దిమ్మ మీద ధార కడుతుంది. అప్పుడు మళ్ళీ నాకే ఉత్తరం వస్తుంది. జీతం లేకపోయినా ఆ ఒక్కరోజూ నేను నిచ్చెన కింద నిలబడాలి.

నా మొహం ఎలా చూడాలో తెలియడం లేదన్నావు. సోమవారం ఆరింటికల్లా మార్కెట్లో ఉంటాను, చూడక తప్పదు. అక్కడున్న పద్నాలుగు మందికీ నేనూ మొహం చూపించాలి. అది నీ పని కంటే కష్టం, కాబట్టి నువ్వు నా పక్కన నిలబడు. తిట్లు ఏమైనా మిగిలి ఉంటే వాళ్ళు తిట్టడం అయ్యాక తిడుదువుగాని.

తమ్ముడు
యుగంధర్